అధ్యక్షుడి నడుము నేర్పిన పాఠం

కెనెడీ అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? నవ్వు ముఖం, ఒత్తయిన జుట్టు, పక్కన అందమైన భార్య జాక్వెలిన్. నలభై మూడేళ్లకే అమెరికా అధ్యక్షుడైన హుషారైన మనిషి. కానీ ఆ మనిషి కోటు లోపల రోజూ బిగుతుగా నడుం బెల్టు కట్టుకునేవాడని, ఎడమకాలి మేజోడు తొడుక్కోవడానికి కూడా ఒక్కోసారి ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చేదని ఎంతమందికి తెలుసు?

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి నడుం నొప్పితో, మెడ నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చాలామంది కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటే. ఆపరేషన్ చేయించేసుకుంటే ఈ పీడ వదిలిపోతుందా అని. అలాంటి వాళ్లకి నేను కెనెడీ సంగతి చెబుతూ ఉంటాను. డబ్బుకి గానీ డాక్టర్లకి గానీ లోటు లేని మనిషాయన. నాలుగుసార్లు వెన్ను మీద కత్తి పెట్టించుకున్నా దొరకని ఉపశమనం ఆయనకి చివరికి దేంట్లో దొరికిందో తెలుసుకుంటే మనకీ మేలే కదా!

చిన్ననాటి నుంచీ జబ్బులే

జాన్ కెనెడీ 1917 మే 29న బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌లో పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో రెండోవాడు. బాగా కలిగిన కుటుంబం. అయితేనేం, మూడేళ్లు నిండకుండానే స్కార్లెట్ జ్వరం వచ్చి చావు తప్పించుకున్నాడు. బడిలో ఉండగా కడుపు జబ్బులు. హార్వర్డ్‌లో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ నడుముకి దెబ్బ తగిలించుకున్నాడని, నొప్పి అప్పట్నించే మొదలైందని చెబుతారు.

1941లో సైన్యంలో చేరబోతే నడుము బాగాలేదని వెనక్కి పంపేశారు. తండ్రి పలుకుబడితో అదే ఏడాది నౌకాదళంలో చేరాడు. 1943 ఆగస్టు 2 తెల్లవారుజామున సాలొమన్ దీవుల దగ్గర ఆయన నడుపుతున్న పీటీ-109 అనే చిన్న పడవని జపాన్ యుద్ధనౌక ఒకటి రెండు ముక్కలు చేసింది. పదముగ్గురిలో ఇద్దరు పోయారు. ఒళ్లు కాలిన ఒక సహచరుణ్ని, అతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో కరిచిపట్టుకుని, కెనెడీ దాదాపు నాలుగు గంటలు ఈదుకుంటూ ఒక దీవికి చేర్చాడు. ఆ సాహసం ఆయనకి పేరు తెచ్చింది. నడుముని మాత్రం ఇంకా పాడు చేసింది.

కోత మీద కోత

1944 జూన్‌లో బోస్టన్‌లో మొదటి ఆపరేషన్. డిస్కు జారిందనుకుని తెరిచారు. అనుకున్నంత తేడా ఏమీ కనిపించలేదు. నొప్పి తగ్గలేదు సరికదా, కొత్తగా కండరాలు పట్టేయడం మొదలైంది. 1947లో లండన్‌లో ఉండగా ఆయనకి ఎడిసన్స్ వ్యాధి ఉందని తేలింది. అంటే కిడ్నీల మీద ఉండే గ్రంథులు సరిగా పనిచేయకపోవడం. దానికి స్టెరాయిడ్లు వాడక తప్పదు. అవి ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, కోసిన చోట తొందరగా మానదు, ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఎక్కువే.

1953 సెప్టెంబరులో జాక్వెలిన్‌తో పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి చంకకర్రలు లేనిదే నడవలేని స్థితి. ఎడిసన్స్ ఉన్నవాళ్లకి ఇంత పెద్ద ఆపరేషన్ ప్రాణం మీదకి తెస్తుందని హెచ్చరించినా వినకుండా, 1954 అక్టోబరు 21న న్యూయార్క్‌లో వెన్నుకి లోహపు పట్టీ వేయించుకున్నాడు. అనుకున్నంతా అయింది. ఇన్‌ఫెక్షన్ సోకి స్పృహ తప్పాడు. ఇక బతకడని ఫాదర్‌ని పిలిపించి చివరి ప్రార్థనలు కూడా చేయించారు. ఎలాగో గట్టెక్కాడు. 1955 ఫిబ్రవరిలో మళ్లీ కోసి ఆ పట్టీ తీసేయాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో కోలుకుంటున్నప్పుడు మానని ఆ పుండుకి కట్టు మార్చడం జాక్వెలినే నేర్చుకుని చేసేది. మంచం మీద ఉండే, సహాయకుల తోడ్పాటుతో ఆయన పుస్తకం రాశాడు. దానికి 1957లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో వీపులో చీము పడితే మరోసారి కోశారు. మొత్తం నాలుగు ఆపరేషన్లు!

జానెట్ ట్రావెల్ రాక

ఈ కథలో మనం గర్వపడాల్సిన పేరొకటి ఉంది. డాక్టర్ జానెట్ ట్రావెల్. 1901లో పుట్టిన ఈమె, వైద్య కళాశాలల్లో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉన్న రోజుల్లో, 1926లో డాక్టరయింది. 1955 మే నెలలో కెనెడీ చంకకర్రల మీద న్యూయార్క్‌లోని ఈమె క్లినిక్‌కి వచ్చాడు.

మిగతా డాక్టర్లంతా ఎముకనీ డిస్కునీ చూస్తే ఈమె కండరాన్ని చూసింది. కండరంలో ఒక్కోచోట చిన్న ముడిలాగా బిగుసుకుపోతుంది. దాన్ని నొక్కితే నొప్పి అక్కడే కాక ఎక్కడో దూరంగా కూడా తెలుస్తుంది. మెడకీ భుజానికీ మధ్య కండరం బిగిస్తే కణతల్లో తలనొప్పి రావచ్చు. పిరుదు కండరం పట్టేస్తే కాలు లాగొచ్చు. ఇలాంటి చోట్లనే ట్రిగ్గర్ పాయింట్లు అంటారు. కెనెడీకి ఆ చోట్ల ప్రొకెయిన్ అనే మత్తుమందు ఇంజెక్షన్లు ఇచ్చింది. ఆయన కాళ్లలో ఒకటి రెండోదానికంటే కాస్త పొట్టి అని కనిపెట్టి, చెప్పు మడమకి ఎత్తు వేయించింది. ఇన్నేళ్లుగా ఇంతమంది పెద్ద డాక్టర్లు చూసినా ఈ చిన్న సంగతి ఎవరికీ పట్టలేదు చూడండి!

ట్రావెల్ క్లినిక్‌లో ఒక రాకింగ్ చైర్ ఉండేది. అందులో కూర్చుంటే ఆయనకి హాయిగా అనిపించింది. మెల్లగా ఊగుతుంటే కండరాలు ఒకే భంగిమలో బిగుసుకోకుండా కాసేపు పనిచేస్తూ, కాసేపు సడలుతూ ఉంటాయి. ఆ తర్వాత ఆ కుర్చీ వైట్‌హౌస్‌కి చేరింది. పత్రికల్లో ఫొటోలు పడి దేశమంతా ఆ కుర్చీలకి గిరాకీ పెరిగింది. 1961 జనవరిలో ట్రావెల్ అధ్యక్షుడి సొంత వైద్యురాలైంది. ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. 1983లో డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె ట్రిగ్గర్ పాయింట్ల మీద రాసిన పుస్తకాన్ని నాలాంటి వాళ్లు ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటారు.

ఇంజెక్షన్లు కాదు, కసరత్తు

అయితే నొప్పి తగ్గడం వేరు, నడుం బాగుపడడం వేరు. 1961 మే నెలలో కెనడా రాజధాని ఒటావాలో మొక్క నాటే కార్యక్రమంలో వంగి మట్టి ఎత్తుతుండగా కెనెడీ నడుం మళ్లీ పట్టేసింది. మర్నెల్లోనే వియన్నాలో రష్యా నాయకుడు కృశ్చేవ్‌తో చర్చలు. బెల్టు బిగించుకుని, మందుల మీద నెట్టుకొచ్చాడు. తిరిగొచ్చాక విమానం మెట్లు ఎక్కలేకపోతే, మనిషిని పైకెత్తే యంత్రం తెచ్చి ఎక్కించారు. ఇంజెక్షన్లేమో పెరుగుతూ పోయాయి.

ఇలాగైతే అధ్యక్షుడు చక్రాల కుర్చీకి చేరతాడని నౌకాదళ వైద్యుడు జార్జ్ బర్క్‌లీకి భయం పట్టుకుంది. 1961 అక్టోబరులో డాక్టర్ హాన్స్ క్రౌస్‌ని పిలిపించారు. ఈయన 1905లో ట్రీస్ట్‌లో పుట్టిన ఆస్ట్రియా మనిషి, కొండలెక్కడంలో దిట్ట. అమెరికా పిల్లల్లో సగానికి పైగా మామూలు కండరాల పరీక్షలో తప్పుతున్నారని, యూరప్ పిల్లల్లో పదిమందికి ఒకరు కూడా తప్పడం లేదని అంతకుముందే చూపించి కలకలం రేపినవాడు.

క్రౌస్ కెనెడీని పరీక్షిస్తే తేలిందేమిటి? పొట్ట కండరాలు నీరసం, వీపు కండరాలు నీరసం, తొడ వెనక కండరాలు తాళ్లలా బిగుసుకుపోయాయి. ఏళ్ల తరబడి బెల్టు కట్టుకున్నాక కండరాలకి పనేముంటుంది మరి? ఇంజెక్షన్లు ఆపాలన్నాడు. వారానికి మూడు రోజులు వైట్‌హౌస్‌లో ఈతకొలను పక్కనున్న చిన్న వ్యాయామ గదిలో కసరత్తు మొదలైంది. ముందు బిగుసుకున్న కండరాలని సడలించడం, ఆ తర్వాత మెల్లగా సాగదీయడం, అటుపైన బలం పెంచడం. ఇంతే. కొన్ని నెలల్లో తేడా తెలిసింది. పిల్లల్ని ఎత్తుకోగలిగాడు, మళ్లీ గోల్ఫ్ ఆడాడు. ట్రావెల్ పదవి పోలేదు గానీ ఆయన నడుం సంగతి మాత్రం క్రౌస్ చేతుల్లోకి వెళ్లింది.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని నేను అడగను. నొప్పితో బిగుసుకుపోయిన మనిషిని ఆమె కదిలేలా చేసింది. కదలగలిగిన మనిషికి ఆయన బలం ఇచ్చాడు. మనకి రెండూ కావాలి. కాకపోతే మొదటి దాని దగ్గరే ఆగిపోతున్నాం. అదీ మన చిక్కు.

చివరిదాకా వదలని బెల్టు

బెల్టు మాత్రం పూర్తిగా వదల్లేదు. 1963 నవంబరు 22న డల్లాస్‌లో తుపాకీ గుళ్లకి బలైన రోజు కూడా ఆయన నడుముకి బెల్టు, దానిమీద సాగే గుడ్డకట్టు ఉన్నాయి. మొదటి గుండు తగిలాక ఆయన ముందుకి ఒరిగిపోకుండా ఆ కట్టే నిలబెట్టి ఉంటుందని కొందరు డాక్టర్లు అభిప్రాయపడ్డారు. అప్పటికి ఆయనకి నలభై ఆరేళ్లే.

ఆ జబ్బులన్నీ ఎంత గుట్టుగా దాచారంటే, 2002లో చరిత్రకారుడు రాబర్ట్ డలెక్ వైద్య రికార్డులు చూసి రాసేదాకా ఆయన పడిన బాధ ఎంతటిదో లోకానికి పూర్తిగా తెలియలేదు. నొప్పి ఉందంటే చేతకానివాడనుకుంటారని ఆయన భయం. చూడబోతే మన భయమూ అలాంటిదే. నడుం నొప్పంటే పని తప్పించుకోవడానికి వేషాలనుకుంటారేమోనని పళ్ల బిగువున నెట్టుకొచ్చే కోడళ్లు, ఉద్యోగం చేసే అమ్మాయిలు ఎంతమంది లేరు? నొప్పిని దాచుకుంటే అది ముదురుతుందే తప్ప పోదు.

మనమేం చేయాలి?

మామూలు నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. స్కాన్‌లో డిస్కు కాస్త ఉబ్బిందని రాగానే హడలిపోవద్దు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది కనిపిస్తుంది. రోజుల తరబడి మంచానికి అతుక్కుపోవడం కంటే ఓర్చుకోగలిగినంత మేర తిరుగుతూ ఉండడమే మంచిది. దీర్ఘకాలం వేధించే నడుం నొప్పికి వ్యాయామం మేలని, బెల్టులు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

* వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పొట్ట బిగించి నడుముని నేలకి ఆనించండి. అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు.
* అదే భంగిమలో పిరుదుల్ని మెల్లగా పైకెత్తి దించండి. అయిదుసార్లతో మొదలుపెట్టి పెంచుకోండి.
* ఒక్కో మోకాలినీ ఛాతీ దగ్గరికి తెచ్చి కాసేపు పట్టుకోండి.
* మెడకి: తిన్నగా కూర్చుని గడ్డాన్ని వెనక్కి లాగండి. తల వంచొద్దు. భుజాలు వదులుగా ఉంచండి. పదిసార్లు.
* ఫోను ఒళ్లో పెట్టుకుని చూడొద్దు, కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి. దిండు మెడకి ఆసరా ఇచ్చేంత ఎత్తుంటే చాలు.
* నీళ్ల బిందె, తడిబట్టల బకెట్టు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఒక పెద్ద బకెట్టు బదులు రెండు చిన్నవి నయం.
* వంటగట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడాల్సొస్తే ఒక కాలు చిన్న పీట మీద పెట్టండి. మధ్యమధ్య కాలు మార్చండి.
* రోజూ అరగంట నడక. ఒకేసారి కుదరకపోతే మూడు విడతలుగా.

ఏది చేసినా నొప్పి కాల్లోకో చేతిలోకో పాకితే ఆపేసి డాక్టరుకి చూపించండి. గర్భిణులు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి.

ఆపరేషన్లన్నీ దండగని మాత్రం నేననను. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, కాలు గానీ చెయ్యి గానీ రోజురోజుకీ బలం కోల్పోతున్నా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అలాంటప్పుడు ఆపరేషనే కాపాడుతుంది. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి వచ్చినా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేని నొప్పికి మాత్రం కత్తి దాకా వెళ్లే ముందు కండరాలకి ఒక అవకాశం ఇచ్చి చూడండి. అంత పెద్ద దేశానికి అధ్యక్షుడు వారానికి మూడుసార్లు తీరిక చేసుకోగలిగాడంటే, ఇంటి పనుల్లోంచి పావుగంట మనకోసం తీసుకోవడం తప్పేం కాదు.