సిరక్యూసు ప్రభువగు హీరోను

సిసిలీ ద్వీపమందలి సిరక్యూసు నగరమునకు హీరోను తన యన్నయగు గెలోను మరణానంతరము క్రీ. పూ. 478లో ప్రభువయ్యెను. అప్పుడు ఇటలీ పశ్చిమతీర సముద్రమున ఎట్రుస్కనులు ప్రబలులై యుండిరి. గ్రీకులు వారిని ఓడదొంగలని నిందించుచుండిరి. కాని వారు గొప్ప వర్తకులు, లోహపు పనియందు మిగుల నేర్పరులు. ఆ నిందలో వర్తకపు పోటీవలని యసూయయు కొంత కలదని మాకు తోచుచున్నది.

క్రీ. పూ. 474లో ఎట్రుస్కనులు నేపుల్సు సమీపమున నున్న క్యూమే యను గ్రీకు పట్టణముపై పడిరి. పట్టణవాసులు హీరోను సాయము కోరిరి. అతడు పంపిన యుద్ధనౌకలు శత్రువుల యోడలను పెక్కింటిని నాశము చేసెను. నాటినుండి దక్షిణసముద్రమున ఎట్రుస్కనుల బలము సన్నగిల్లెను. గెలుపునకు గుర్తుగా హీరోను శత్రువుల కంచు శిరస్త్రాణములను ఒలింపియాలోని జ్యూసు దేవునికి కానుక పంపెను. వానిలో నొకటి 1817లో దొరకినది. హీరోను పేరు చెక్కియున్న యా శిరస్త్రాణమును లండనునందలి బ్రిటిషు మ్యూజియములో నేటికిని చూడవచ్చును. పిండారు మహాకవి యీ విజయమును కీర్తించెను.

అయితే క్యూమే గ్రీకులను కాచిన యీ హీరోనే, అంతకు రెండేండ్ల ముందు కటానా పట్టణపు గ్రీకులను ఇండ్లనుండి వెడలగొట్టి, వారి భూములయందు పదివేలమంది క్రొత్తవారిని నిలిపి, ఊరికి ఎట్నా యని పేరు పెట్టినవాడు. క్రీ. పూ. 467లో అతడచటనే మరణించెను. క్రీ. పూ. 461లో పూర్వపు కటానావాసులు తమ యూరికి మరలి వచ్చి యాతని సమాధిని పడగొట్టిరి.