క్లాస్ వెనక ఉన్న మనిషి: క్రిస్టెన్ నైగార్డ్

జావాలో సర్వ్‌లెట్ రాసినప్పుడు డూగెట్ అనే మెథడ్‌ని మనం రాస్తాం, కానీ మనం పిలవం. రిక్వెస్ట్ రాగానే సర్వర్ దాన్ని నడిపిస్తుంది. ఏది ఎప్పుడు జరగాలో పైనున్న క్లాస్‌లో ముందే రాసి ఉంటుంది, మన కోడ్ దాంట్లో ఒక ఖాళీని నింపుతుంది. దీన్ని టెంప్లేట్ మెథడ్ ప్యాటర్న్ అంటారు. చాలా ఎంటర్‌ప్రైజ్ ఫ్రేమ్‌వర్క్‌లు దీని మీదే నడుస్తాయి. దీనికి పునాది జావా రావడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందే నార్వేలో పడింది.

నైగార్డ్ 1926లో ఓస్లోలో పుట్టారు. 1948 నుంచి రక్షణ పరిశోధన సంస్థలో లెక్కల పని చేసి, 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌కి మారారు. క్యూలు, ఫ్యాక్టరీల లాంటి వాటిని కంప్యూటర్‌కి ఎలా వివరించాలన్నది ఆయన ముందున్న సమస్య. నైగార్డ్‌కి ఆ ప్రపంచం తెలుసు, ఆయన స్నేహితుడు ఓలే యోహాన్ డాల్‌కి ప్రోగ్రామింగ్ బాగా తెలుసు. ఇద్దరూ కలిసి సిమ్యులా అనే భాష తయారుచేశారు. 1967 నాటికి అందులో క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్హెరిటెన్స్ వచ్చేశాయి. వర్చువల్ ప్రొసీజర్ కూడా వచ్చింది. అంటే పేరెంట్ క్లాస్ పేరు మాత్రం చెప్తుంది, అసలు పని సబ్‌క్లాస్ రాస్తుంది. మన డూగెట్ పనిచేసేది ఈ ఆలోచనతోనే.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవారేమో. నైగార్డ్‌కి ఇంకో ప్రశ్న పట్టుకుంది. సిస్టమ్‌ని మేనేజ్‌మెంట్ కోసం వివరిస్తే, దాని కింద పనిచేసేవాళ్ళ సంగతేంటి? 1970ల మొదట్లో ఆయన ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్‌ని కార్మికులే అర్థం చేసుకుని, దాని గురించి తమ మాట చెప్పగలగాలన్నది ఆ ప్రాజెక్ట్ ఉద్దేశం. సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్ళతో కలిసే డిజైన్ చేయాలనే పద్ధతి స్కాండినేవియాలో పెరగడానికి ఇది పెద్ద కారణం. తర్వాత యూరోపియన్ యూనియన్‌లో చేరొద్దనే ఉద్యమాన్ని కూడా ఆయన నడిపించారు. 1994 రెఫరెండంలో నార్వే వద్దనే చెప్పింది.

2001 ట్యూరింగ్ అవార్డు డాల్‌కీ ఆయనకీ కలిపి వచ్చింది. 2002 జూన్‌లో డాల్ పోయారు, ఆగస్టులో నైగార్డ్ కూడా పోయారు.

మనం ప్యాటర్న్‌ల పేర్లు ఇంటర్వ్యూ కోసం బట్టీ పడతాం. నైగార్డ్‌కి మాత్రం క్లాస్ అంటే జరుగుతున్న పనిని అర్థం చేసుకునే దారి. క్లాస్ డయాగ్రమ్ గీసేముందు ఆ పని రోజూ చేసే మనిషిని ఒక్కసారి అడగడం, ఆయన జీవితం నుంచి మనం తీసుకోదగిన మంచి అలవాటు.