బ్రహ్మనాయుడు: చాపకూడు పెట్టినవాడు

పల్నాటి సంఘాలలో బ్రహ్మనాయుడి పేరు వినని విశ్వాసి ఉండడు. 12వ శతాబ్దపు మంత్రి, మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. కులం గోడలు బలంగా ఉన్న ఆ రోజుల్లోనే అన్ని కులాలవారినీ ఒకే బంతిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడు.

అంతమందిని కలిపిన ఆయన ఇద్దరు అన్నదమ్ములను కలపలేకపోయాడు. అనుగురాజు కుమారులలో నలగామరాజుకు గురజాల, సవతి తమ్ముడు మలిదేవునికి మాచర్ల అయ్యాయి. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరినా రాజ్యం తిరిగి దక్కలేదు. రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. చివరకు కారెంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున, ఇరుపక్షాల వీరులూ నేలకొరిగారు. బ్రహ్మనాయుడి కుమారుడు బాలచంద్రుడూ అక్కడే కూలాడు. ఆ తండ్రి రాజ్యాన్ని నలగామరాజుకే విడిచి గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడని వీరగాథ చెబుతుంది. అదే పని ముందే జరిగి ఉంటే ఎందరు తల్లులకు కడుపుకోత తప్పేదో!

బర్నబా పుట్టిన కుప్ర ద్వీపం కూడా గ్రీకులు, టర్కులు అంటూ 1974 నుండి రెండు ముక్కలుగానే ఉంది. గీత గీయడానికి కొద్ది రోజులు చాలు, చెరపడానికి తరాలు చాలవు.

ప్రియ పాఠకులారా, ప్రభువు బల్ల వద్ద మనమూ ఒకే రొట్టె విరుస్తున్నాం. గుమ్మం దాటగానే కులంగా, పార్టీగా విడిపోతున్నామా? వచ్చే ఆదివారం బల్లను సమీపించకముందే, మాటలు లేని సహోదరుని ఇంటికి మనమే వెళ్దాం.