దేశం కాని దేశంలో... కమల పక్కన

దుబాయ్‌లోనో షార్జాలోనో డ్యూటీలో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ఆమెకి జ్వరం తగ్గలేదట, డాక్టరు మళ్లీ ఎక్స్‌రే రాశాడట. ఆ రిపోర్టు వచ్చేదాకా చేతిలో పని సాగదు. కొందరిదేమో వేరే కష్టం. భార్య ఇక్కడే ఉంటుంది, భాష రాని ఆస్పత్రిలో ఏ కాగితం మీద ఏం రాశారో తెలియక తిప్పలు. ఈ రెండు బాధలూ పడిన దంపతులు జవహర్‌లాల్ నెహ్రూ, కమల. ఆయన గురించి అందరికీ తెలుసు. ఆమె గురించి తెలిసింది తక్కువ.

పదహారేళ్లకే పెళ్లి

కమల 1899 ఆగస్టు 1న ఢిల్లీలో కశ్మీరీ పండిట్ల ఇంట పుట్టారు. 1916 ఫిబ్రవరి 8న పెళ్లి. అప్పటికి ఆమెకి పదహారేళ్లు, ఆయనకి ఇరవై ఆరు. అత్తవారిల్లు అలహాబాద్‌లోని ఆనంద్ భవన్. అక్కడ అంతా దొరల పద్ధతి. ఇంగ్లీషు చదువు లేని కొత్తకోడలికి అందులో ఇమడటం కష్టమైంది. 1917లో ఇందిర పుట్టింది. 1924లో ఒక మగబిడ్డ పుట్టి కొద్దిరోజులకే పోయాడు.

మరుసటి ఏడాది కమల మంచం పట్టారు. లక్నో ఆస్పత్రిలో నెలల తరబడి ఉన్నారు. భర్త కాంగ్రెస్ పనుల మీద అలహాబాద్, కాన్పూర్, లక్నోల మధ్య తిరుగుతూనే ఉన్నారు. చివరికి తేలింది క్షయ అని. స్విట్జర్లాండ్ తీసుకెళ్లమన్నారు డాక్టర్లు.

ఆ రోజుల్లో క్షయ అంటే ఇంట్లో వాళ్ల గుండె ఆగినంత పని. ఛాతీ ఎక్స్‌రే ఉంది, కఫం పరీక్ష ఉంది, పూటపూటా జ్వరం చూసి చార్టులో రాసుకోవడం ఉంది. జబ్బు ఏమిటో చెప్పగలరు గానీ నయం చేసే మందు లేదు. మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని కనిపెట్టింది 1943లో. అందాకా కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం.

ఆరు నెలలనుకుంటే...

1926 మార్చిలో భార్యనీ ఎనిమిదేళ్ల ఇందిరనీ వెంటబెట్టుకుని నెహ్రూ బొంబాయిలో ఓడెక్కారు. జెనీవాలో కాపురం, తర్వాత కొండల మీద మోంటానాలో శానటోరియం. కొన్ని నెలల్లో తిరిగొద్దామనుకున్నది ఏడాది తొమ్మిది నెలలు పట్టింది. ఖర్చంతా తండ్రి మోతీలాల్‌దే. అన్ని రోజులూ ఆయన భార్య పక్కనే కూర్చోలేదు కూడా. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్ మహాసభకి వెళ్లారు. కమల కాస్త తేరుకున్నాక, ఆ ఏడాది డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ సమయానికి స్వదేశం చేరారు.

హైదరాబాద్‌లో కమల

ఒంట్లో జబ్బు ఉన్నా ఆమె ఊరుకోలేదు. 1930లో అలహాబాద్‌లో విదేశీ బట్టల కొట్ల ముందు పికెటింగ్ నడిపించారు. 1931 జనవరి 1న అరెస్టయ్యారు. అదే ఏడాది భర్త, కూతురితో సిలోన్ వెళ్లి, వస్తూ హైదరాబాద్‌లో ఆగారు. సరోజినీ నాయుడు ఇంట్లో బస. పరదా పాటించే ఆడవాళ్లు కొందరు ఆమెని చూడటానికి వచ్చారు. మగవాళ్ల చేతికింద ఇంకెన్నాళ్లు అన్న ధోరణిలో కమల వాళ్లతో గట్టిగానే మాట్లాడారు. రెండు మూడు వారాల తర్వాత ఒక భర్తగారు ఆమెకి ఉత్తరం రాశారు. మీరు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మా ఆవిడ మాట వినడం లేదు, ఎదురు వాదిస్తోంది అని ఆయన గోడు!

జైలుకి అందని కబురు

1934లో జబ్బు తిరగబెట్టింది. అప్పుడు నెహ్రూ జైల్లో ఉన్నారు. ఆగస్టులో పదకొండు రోజులు వదిలి మళ్లీ తీసుకెళ్లారు. మొదట కొన్నాళ్లు డాక్టర్ల నుంచి రోజూ కబురు వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. మిగిలిన శిక్షాకాలం రాజకీయాల జోలికి రానని మాట ఇస్తే వదిలేస్తారన్న సూచన వచ్చింది. ఇస్తే భార్య పక్కన ఉండొచ్చు. ఇవ్వకపోతే ఆమె ఏమవుతుందో తెలియదు. అక్టోబరులో ఒకసారి ఆమెని చూడటానికి తీసుకెళ్లారు. జ్వరంతో సోలిపోతూ ఉన్న కమల ఆయన్ని దగ్గరికి పిలిచి, అలాంటి మాట ఇవ్వొద్దని చెవిలో చెప్పారు. ఆయన ఇవ్వలేదు. ఆమెని భొవాలి శానటోరియంకి మార్చారు, ఆయన్ని దగ్గర్లోని అల్మోరా జైలుకి. మధ్యమధ్య చూసి రావడానికి అనుమతి దొరికేది.

1935 మేలో కమల మళ్లీ ఐరోపాకి బయల్దేరారు. వెంట ఇందిర, బంధువైన డాక్టర్ మదన్ అటల్ ఉన్నారు. ఈసారి జర్మనీలోని బాడెన్‌వీలర్. పరిస్థితి విషమించడంతో సెప్టెంబరు 4న నెహ్రూని హఠాత్తుగా విడుదల చేశారు. మర్నాడు మధ్యాహ్నమే అలహాబాద్‌లో విమానం ఎక్కారు. కరాచీ, బాగ్దాద్, కైరో. అలెగ్జాండ్రియా నుంచి సీప్లేన్‌లో ఇటలీ, అక్కణ్నుంచి రైలు. 9వ తేదీ సాయంత్రానికి ఆమె మంచం దగ్గరికి చేరారు. అప్పటి విమానాలు అలాగే ఆగి ఆగి పోయేవి. మన షార్జాలో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న అల్ మహత్తా కూడా 1932 నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ప్రయాణికుల మజిలీయే.

చివరి వాయిదా

ఊళ్లో చిన్న బసలో ఉంటూ పొద్దున, సాయంత్రం నడిచి శానటోరియంకి వెళ్లేవారు. ఎక్కువ మాట్లాడే ఓపిక ఆమెకి లేదు. పుస్తకాలు చదివి వినిపించేవారు. పెళ్లయి ఇరవై ఏళ్లవుతున్నా ఒకరినొకరు తెలుసుకోవడానికి తీరిక చిక్కింది అప్పుడే. ఆమెని ముందే సరిగా పట్టించుకోలేదన్న బాధని ఆయన తర్వాత దాచుకోకుండా రాశారు.

1936 జనవరి చివర్లో ఆమెని స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌కి మార్చారు. ఈలోగా ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. వదులుకుంటానంటే కమల ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 28న బయల్దేరాలనుకుంటే, ఒక వారం పది రోజులు ఆగమన్నారు డాక్టరు. ఆగారు. ఆ 28వ తేదీ తెల్లవారుజామునే కమల కన్నుమూశారు. ఆమెకి ముప్పై ఆరేళ్లు.

అస్థికలు తీసుకుని విమానంలో వస్తూ బాగ్దాద్‌లో దిగినప్పుడు లండన్‌లోని ప్రచురణకర్తకి టెలిగ్రాం ఇచ్చారు, తన ఆత్మకథని కమలకి అంకితం చేస్తూ. అలహాబాద్‌లో ఆమె పేరిట ఆస్పత్రి వెలిసింది. 1941 ఫిబ్రవరి 28న గాంధీజీ ప్రారంభించారు.

ఇప్పుడు క్షయకి మందులున్నాయి. మామూలు రకమైతే ఆరు నెలలు ఆపకుండా వాడితే నయమవుతుంది. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత ఫలితమేనని 1950లలో మద్రాసులో జరిగిన పరిశోధనే లోకానికి చూపింది. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కి నాలుగు గంటల ప్రయాణం. అయినా సెలవు, టికెట్, అప్పు అని మనకి మన జైళ్లు ఉన్నాయి. యూఏఈ చట్టం ప్రకారం భార్య గానీ భర్త గానీ చనిపోతే ఐదు రోజుల సెలవుంది. జబ్బులో ఉన్నప్పుడు పక్కన కూర్చోవాలంటే చాలామందికి ఏడాది సెలవే దిక్కు. ఆ సెలవుని దేనికి దాచుకోవాలో, ఎప్పుడు వాడుకోవాలో ఆలోచించేటప్పుడు బాడెన్‌వీలర్‌లో ఆ నాలుగు నెలల్ని ఒకసారి తలుచుకుంటే చాలు.