పుస్తకములు మోసిన కథకుడు వట్టికోట ఆళ్వారుస్వామి

కథకునికి కథలు ఎక్కడ దొరకునను సందేహము పాఠకులకు తరచు కలుగుచుండును. కొందరికవి ఏకాంతమున కూర్చున్న వేళ స్ఫురించును. కొందరికి పూర్వ గ్రంథములు చదువుచుండగా తోచును. వట్టికోట ఆళ్వారుస్వామిగారికి అవి పుస్తకములు మోసికొని తిరిగిన పల్లెదారులలోను, చెరసాల గదులలోను దొరకినవి. గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము తీసికొని పోవు ప్రతి చందాదారుడును ఎరుగదగిన జీవితము వారిది.

ఆళ్వారుస్వామిగారు 1915 నవంబరు 1వ తేదీన నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు ప్రాంతమునకు చెందిన మాధవరము గ్రామమున నిరుపేద కుటుంబములో జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించెను. బడిలో కూర్చుండి చదువుకొను భాగ్యము వారికి లేకపోయెను. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెట్టుచు, ఆయనవద్దనే అక్షరములు నేర్చుకొనిరి. పిమ్మట బెజవాడ చేరి హోటలులో సర్వరుగా పనిచేసిరి. పొయ్యి ఊదినవానికి ఇంటిలోని ఆకలి తెలియును. ఆకు వేసి వడ్డించువాని యెదుట మాటలాడుటకు ఎవరును సంకోచింపరు. లోకమును వినుటకు అంతకంటె మంచి తావు అరుదు.

అక్కడినుండి వారు హైదరాబాదు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు పనిలో కుదిరిరి. ఆ పత్రికను సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిరి. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. పాఠశాలలలో తెలుగునకు చోటు స్వల్పము. పల్లెలలో పటేలు, పట్వారీ, దొర చెప్పినదే శాసనము. వెట్టిచాకిరి, అక్రమ వసూళ్లు, భూముల స్వాధీనము మొదలగు ప్రజల మొరలకు ఆ పత్రిక పుటలలో తావు దొరకెను. ప్రూఫులు దిద్దువాడు ఒక్కొక్క అక్షరమును పట్టి చూడవలెను. బడిచదువు దక్కని ఆళ్వారుస్వామిగారికి ఆ కార్యాలయమే బడియైనది. భాషయు అక్కడనే పదునెక్కినది, దేశస్థితియు అక్కడనే బోధపడినది.

ఆ కాలమున తెలంగాణములో గ్రంథాలయము నెలకొల్పుట సామాన్యకార్యము కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన పిమ్మట, ఆ దీపముల వెలుగు క్రమముగా పల్లెలకు ప్రాకసాగెను. సర్కారు ఇట్టి సంస్థలను అనుమానముతో చూచుచుండెను. పుస్తకము చదివినవాడు ప్రశ్నించుట నేర్చునని అధికారులకును తెలియును. అయితే పఠనమందిరములు వెలసినను, వాని బీరువాలు నింపుటకు పుస్తకములు కావలయును గదా! ఆ కొరతయే ఆళ్వారుస్వామిగారిని ప్రచురణరంగమునకు ఈడ్చినది.

1938లో వారు సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. దేశోద్ధారక బిరుదాంకితులైన కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు ఆ సంవత్సరముననే పరమపదించిరి. వారి స్మృతిగా గ్రంథమాలకు ఆ పేరు పెట్టబడెను. స్థాపకునివద్ద ధనమును లేదు, వెనుక నిలిచిన జమీందారును లేడు. అయినను 30కి పైగా పుస్తకములు ఆ గ్రంథమాలనుండి వెలువడినవి. అచ్చైన పుస్తకములను వారు అంగడిలో పేర్చి కొనువారికై ఎదురుచూడలేదు. స్వయముగా మోసికొని ఊరూర తిరిగి, గడపగడపకు పోయి అమ్మిరి.

వారి సాహిత్యజీవితమునకు మూలము ఈ తిరుగుడే. పుస్తకము అమ్మవచ్చినవానిని గ్రామస్థులు ఊరక పంపరు. అరుగుమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏ ఊరు, ఎవరివారు అని అడుగుదురు. అతడు చెప్పినంత విని, తమ గోడును చెప్పుకొందురు. చదువురాని రైతునకు పుస్తకము అమ్ముట సాధ్యము కాదు. కాని అతని మాట వినుట సాధ్యమే. వెట్టికి పోయినవాని అలసట, అప్పుపత్రముమీద వ్రేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్నవాని దిగులు, గడీ ముందు చెప్పులు చేతబట్టి నడచువాని అవమానము ఆ దారులలో ప్రతిదినము కనబడు దృశ్యములు. తరువాతి కాలమున వారి నవలలలోని పాత్రలు మాటలాడు తీరు గమనించినచో, అది చెవితో ఏరుకొన్న భాషయని తెలియును.

ఇట్లు వినినవాడు విని ఊరకుండలేకపోయెను. ఆంధ్రమహాసభ కార్యకర్తగా, పిమ్మట కమ్యూనిస్టుగా ఉద్యమములలో పాల్గొనిరి. 1942 క్విట్ ఇండియా ఉద్యమకాలమున మొదటిసారి జైలు చూచిరి. 1946లో తిరిగి నిర్బంధితులై 1951 వరకు చెరలోనే యుండిరి. చంచలగూడ, వరంగల్లు, గుల్బర్గా, నిజామాబాదు మొదలగు జైళ్లు వారిని ఎరుగును. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతమయ్యెను. దానికై పోరాడిన ఆళ్వారుస్వామిగారికి మాత్రము ఆనాటికిని తలుపులు తెరువబడలేదు.

నిజామాబాదు జైలులో వారికి దాశరథి కృష్ణమాచార్యులుగారు తోడైరి. కాగితము, కలము దుర్లభమైన ఆ చోట దాశరథిగారు బొగ్గుముక్కతో గోడలమీద పద్యములు వ్రాయుచుండిరి. అప్పటి స్నేహమునకు గురుతుగా 1949లో వెలువడిన తమ అగ్నిధారను దాశరథిగారు ఆళ్వారుస్వామిగారికి అంకితమిచ్చిరి.

జైలులో రాజకీయ ఖైదీలే కాక దొంగలు, హంతకులు, ఏ నేరమో తెలియక శిక్ష అనుభవించువారు ఎందరో యుందురు. చదువుకొన్న ఖైదీలు సాధారణముగా వారికి దూరముగా మసలుదురు. ఆళ్వారుస్వామిగారు వారి చెంతకు చేరిరి. అరుగుమీద రైతు మాట వినిన చెవితోనే దొంగ మాటయు వినిరి. ఆ మనుష్యుల బ్రతుకులే జైలు లోపల అను కథల సంపుటమైనవి. నేరము వెనుక ఆకలిని, ఆకలి వెనుక సంఘమును చూపుట ఆ కథల స్వభావము. నేరస్థుడు దేవుడని వారు వ్రాయలేదు. అతడును మనిషియేయని మాత్రము చూపిరి.

విడుదలైన తరువాత ప్రజల మనిషి నవల వెలువడినది. దిమ్మెగూడెమను పల్లెలో దొర రామభూపాలరావు పెత్తనమును, దానికి ఎదురు నిలిచిన కంఠీరవమను యువకుని ఎదుగుదలను అది చెప్పును. తెలంగాణ ప్రజాజీవితమును రాజకీయ చైతన్యముతో చిత్రించిన తొలి నవలగా దానిని విమర్శకులు గౌరవింతురు. తరువాతి కాలపు కథను గంగు అను రెండవ నవలలో చెప్పబూనిరి. అది ముగియకముందే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలుబదియైదేండ్ల ప్రాయమున ఆళ్వారుస్వామిగారు కన్నుమూసిరి. అసంపూర్ణముగా మిగిలిన గంగు 1965లో అచ్చయ్యెను.

ఇతరుల పుస్తకములు 30కి పైగా లోకమునకందించిన చేయి, తన కథలకు, నవలలకు మిగుల్చుకొన్నది మూడు పుస్తకములంత కాలమే. ఊరూర తిరుగుటకు, సభలకు, చెరకు వెచ్చించిన దినములను బల్లయొద్ద కూర్చుండి గడిపియున్నచో, గంగు పూర్తియై యుండెడిది. మరి నాలుగు నవలలు వచ్చియుండెడివి. ఇది తెలుగు సాహిత్యమునకు నష్టమే. కాని ఆ దినములే లేనిచో ఆ మూడు పుస్తకములలో వ్రాయుటకు ఏమి యుండెడిదియను ప్రశ్నయు దాని వెంటనే కలుగును. ఈ రెండింటికిని నడుమ ఆయన జీవితము నడచినది.

ఆయన విడిచిన దారిని దాశరథి రంగాచార్యులుగారు పట్టి, చిల్లరదేవుళ్లు, మోదుగుపూలు, జనపదము నవలలలో తెలంగాణ కథను ముందుకు సాగించిరి. ఒకరు వేసిన సాలులో మరియొకరు విత్తుట పల్లెవారికి క్రొత్త కాదు.

గ్రామ గ్రంథాలయమున ప్రజల మనిషిని చేతికి తీసికొను పాఠకుడు, ఒకప్పుడు ఇట్టి పుస్తకములను మోసికొని ఇట్టి దారులనే నడచి, ఇట్టి అరుగులమీదనే కూర్చుండి వినిన మనిషి వ్రాసిన పుస్తకమిదియని జ్ఞాపకముంచుకొనదగును. అది చదివి ముగించినవాడు గంగును కూడ అడిగి తీసికొనవలెను. అసంపూర్ణమైనను అది చదువదగిన పుస్తకము.