తుపాకీ మోత తగ్గించిన హైరమ్ పెర్సీ మాక్సిమ్

సైలెన్సర్ అనగానే మనకు మోటార్ సైకిల్ గుర్తుకొస్తుంది. అది ఊడిపోయిన బండి ఒకటి వీధిలో పోతే చాలు, స్టడీ అవర్‌లో పుస్తకం పట్టుకున్న వాళ్ళందరూ కిటికీ వైపు తిరుగుతారు. అదే పేరుతో తుపాకీ చివర బిగించే గొట్టం కూడా ఒకటుంది. సినిమాల్లో దాన్ని విలన్ చేతిలోనే చూపిస్తారు కనుక అది హంతకుల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ దాన్ని తయారుచేసి వ్యాపారంగా నిలబెట్టిన మనిషి పొరుగువారి నిద్ర పాడుచేయకుండా టార్గెట్ షూటింగ్ చేసుకోవాలనుకున్న ఒక ఇంజినీరు. ఆయన పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్.

మాక్సిమ్ అనే ఇంటిపేరు చరిత్ర పుస్తకంలో చదివినట్టు ఉంటే అది ఈయన తండ్రి వల్ల. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ 1884లో ఇంగ్లండులో మాక్సిమ్ మెషిన్ గన్ తయారుచేశారు. ఒక తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలంతోనే తర్వాతి తూటా ఎక్కి దానంతట అదే పేలే తుపాకీ అది. దాన్ని పట్టుకొని బ్రిటిష్ సైన్యం ఆఫ్రికాలోనూ టిబెట్టులోనూ ఎంతమందిని చంపిందో చరిత్ర చదివినవారికి తెలుసు. ఆ తండ్రికి 1901లో సర్ బిరుదు వచ్చింది. ఏళ్ళ తరబడి తుపాకుల పక్కన నిలబడి పరీక్షలు చేసినందువల్ల చెవులు పోయాయి. ముసలితనంలో ఆయనకు దాదాపుగా ఏమీ వినపడేది కాదు.

పెర్సీ 1869 సెప్టెంబర్ 2న అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 1881లో తండ్రి పని మీద యూరప్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయారు. భార్యాబిడ్డల దగ్గరికి తిరిగి రాలేదు. పెర్సీకి అప్పటికి పన్నెండేళ్ళు. తల్లి జేన్ పెర్సీనీ, ఇద్దరు ఆడపిల్లలనూ తానే పెంచుకొచ్చింది. మన హాస్టల్లో ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారు ఎంతమందో, కాబట్టి ఆ తల్లి పడిన పాట్లు ఇక్కడ విడిగా రాయనక్కరలేదు. కుర్రవాడు మాత్రం చదువు ఆపలేదు. 1886లో పదిహేడేళ్ళు నిండకముందే బోస్టన్‌లోని ఎంఐటీలో మెకానికల్ పనుల కోర్సు పూర్తిచేశాడు.

తర్వాత లిన్ అనే ఊరిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పెట్రోలు ఇంజినుతో నడిచే మూడు చక్రాల బండి సొంతంగా కట్టారు. 1895లో హార్ట్‌ఫర్డ్ నగరంలోని పోప్ సైకిళ్ళ కంపెనీ ఆయనను కార్ల తయారీకి తీసుకుంది. ఆ రోజుల సంగతులతో ఆయన రాసిన పుస్తకం కూడా ఉంది. 1898లో పెళ్ళి అయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఇక అసలు విషయం. పెర్సీకి రైఫిల్ షూటింగ్ సరదా. దాని మోత మాత్రం గిట్టేది కాదు. తుపాకీ మోత ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. మందు కాలినప్పుడు విపరీతమైన ఒత్తిడితో వాయువు పుడుతుంది. తూటా గొట్టం దాటగానే ఆ వాయువు ఒక్కసారిగా బయటి గాలిలోకి పేలుతుంది. ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ పీకేస్తే ఎలా ఉంటుందో దానికి ఎన్నో వందల రెట్లు అనుకోండి. తూటాను ఆపకూడదు, వాయువును మాత్రం వెంటనే వదలకూడదు. ఇదీ ఆయన ముందున్న లెక్క. తూటా వెళ్ళగానే గొట్టాన్ని మూసే కవాటం మొదట ప్రయత్నించారు. అది ఆచరణలో నిలవలేదు. స్నానపు తొట్టిలో నీళ్ళు వదిలినప్పుడు తూము దగ్గర సుడి తిరుగుతూ, మధ్యలో ఖాళీ దారి ఏర్పడడం చూసి ఆయనకు అసలు ఉపాయం తట్టిందని చెబుతారు. వాయువును కూడా అలా సుడి తిప్పితే మెల్లగా బయటికి వస్తుంది, తూటాకు మధ్యలో దారి ఉంటుంది.

ఆ లెక్క ప్రకారం ఒక గొట్టంలో వంపు తిరిగిన పలకలు వరసగా పేర్చి గదులు గదులుగా చేశారు. వాయువు ఒక్కో గదిలో తిరిగి తిరిగి వేగమూ వేడీ తగ్గి బయటపడుతుంది. 1909 మార్చి 30న దానికి అమెరికా పేటెంట్ వచ్చింది. 1910 మోడల్‌లో ఇంకో తెలివైన మార్పు చేశారు. తూటా దారిని గొట్టం నడిమధ్యన కాకుండా పైభాగానికి జరిపారు. దానితో గొట్టం లావంతా కిందికి పోయి, గురి చూసే చూపుకు అడ్డం రాలేదు. చిన్న మార్పే గానీ వాడేవాడి కష్టం తెలిసినవాడికే అది తోస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లోనూ పోస్టు ద్వారానూ కొద్ది డాలర్లకే ఇవి దొరికేవి. తుపాకీ వెనక్కి తన్నడం కూడా తగ్గడంతో కొత్తగా నేర్చుకునేవారు బెదరకుండా గురి చూడగలిగేవారు. అమెరికా సైన్యం కూడా కొన్ని తీసుకుంది.

అయితే సైలెన్సర్ అన్న పేరే కొంచెం ఎక్కువ చెప్పింది. చప్పుడు తగ్గుతుందే తప్ప పోదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. జింకల వేటకు వాడే రైఫిల్ తూటా దానికి రెట్టింపు పైన పోతుంది కాబట్టి దారి పొడవునా కొరడా కొట్టినట్టు చప్పుడు చేస్తుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. పెద్ద రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాటుతుంది. మంచి సప్రెసర్ (ఇప్పుడు ఎక్కువగా వాడే పేరు ఇదే) 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంటే మిగిలేది కూడా తక్కువేమీ కాదు. 140 డెసిబెల్స్ మోత ఒక్కసారి తగిలినా చెవికి ప్రమాదమే. అందుకే సప్రెసర్ ఉన్నా రేంజిలో ఇయర్ మఫ్స్ పెట్టుకుంటారు. ఎన్‌సీసీలో మన పిల్లలు కాల్చే పాయింట్ 22 రైఫిల్ రకానికి శబ్దం కంటే నెమ్మదిగా పోయే తూటాలు ఉన్నాయి. వాటితో వాడితేనే మాక్సిమ్ కోరుకున్న నిశ్శబ్దానికి దగ్గరగా వస్తుంది.

ఫిన్లాండ్, నార్వే వంటి దేశాల్లో వేటగాళ్ళు నేటికీ దీన్ని మామూలుగా వాడుతున్నారు. అడవిలో ఆకు కదిలినా వినాలి కనుక చెవులు మూసుకోలేరు. వెంట ఉన్న కుక్కల చెవులూ కాపాడుకోవాలి. ఎంచుకునేటప్పుడు వాళ్ళు మొదట చూసేది తూటా సైజు. సప్రెసర్ రంధ్రం తూటా కంటే తగినంత పెద్దదిగా ఉండాలి, ఆ తూటా ఒత్తిడిని తట్టుకునే రకమూ అయి ఉండాలి. బ్యారెల్ చివర తీసిన మర నడిమధ్యకు సరిగ్గా ఉండాలి. వెంట్రుకవాసి వంకర ఉన్నా తూటా లోపలి పలకలకు తగిలి గొట్టం చీలిపోవచ్చు. రోజంతా కొండలెక్కే వేటగాడు తేలికపాటిది తీసుకుంటాడు, ఒకచోట పడుకొని కాల్చేవాడు బరువుకు వెనకాడడు. బిగించాక తూటా పడే చోటు కొద్దిగా మారుతుంది కనుక మళ్ళీ గురి సరిచూసుకోవాలి. వరసగా కాలిస్తే గొట్టం చేయి కాలేంత వేడెక్కుతుంది. ఆ వేడికి పైనున్న గాలి ఎండాకాలం తారురోడ్డు మీదలా మిలమిలలాడి టార్గెట్ కదిలినట్టు కనిపిస్తుంది. పాయింట్ 22 తూటాల సీసం లోపల పేరుకుంటుంది కాబట్టి ఆ రకానికి విప్పి తుడుచుకొనే వీలున్నదే మేలు.

మన దేశంలో ఈ ఎంపిక ప్రశ్నే రాదు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నిషిద్ధమైంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం చప్పుడు తగ్గించే ఈ పరికరమే తుపాకీతో సమానం.

పెర్సీ జీవితంలో ఇంకో ముఖ్యమైన పని రేడియో. 1914లో ఆయనకు ఒక వాల్వు కావలసి, 40 కిలోమీటర్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తన ట్రాన్స్‌మిటర్‌తో కబురు పంపబోతే అందలేదు. మధ్య ఊరిలో ఉన్న మరొక ఔత్సాహికుడు అందుకొని ముందుకు పంపాడు. ఇలా చేయి మార్చుకుంటూ పోతే దేశమంతా కబురు అందుతుందని ఆయన క్లారెన్స్ టస్కాతో కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపించారు. 1925లో అంతర్జాతీయ సంఘానికి మొదటి అధ్యక్షులయ్యారు. మన హైదరాబాదులో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కూడా ఈ హామ్ రేడియో విద్యకు చెందినదే. ఆసక్తి ఉన్న తమ్ముళ్ళు లైసెన్స్ పరీక్ష గురించి అక్కడ అడగవచ్చు.

ఇక తుపాకీ సైలెన్సర్ల వ్యాపారం తగ్గిపోయింది. కంపెనీ అదే సూత్రాన్ని ఇంజిన్లకూ ఫ్యాక్టరీ యంత్రాలకూ మళ్ళించింది. వీధి రొదను తగ్గించి గాలిని మాత్రం లోపలికి పంపే కిటికీ పరికరం కూడా చేసింది. ఆయన చేసిన వాటిలో మనుషులకు ఎక్కువ పనికొచ్చింది ఈ భాగమేనని నా అభిప్రాయం. 1934లో అమెరికా ప్రభుత్వం గూండాల హింసను అరికట్టడానికి జాతీయ ఆయుధాల చట్టం తెచ్చింది. మెషిన్ గన్నూ సైలెన్సరూ రెండూ దాని కిందికి వచ్చాయి. మనుషుల్ని వందలుగా చంపడానికి తండ్రి చేసిన యంత్రానికీ, చెవులు కాపాడే కొడుకు పరికరానికీ ఒకటే రిజిస్ట్రేషన్, ఒకటే పన్ను, 200 డాలర్లు. సైలెన్సర్ ఖరీదు కంటే పన్ను ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది న్యాయమైన తూకం కాదు.

తనను వదిలి వెళ్ళిన తండ్రి గురించి పెర్సీ ఒక పుస్తకం రాశారు. అందులో కోపం వెతికినా దొరకదు, తండ్రి చేష్టలు నవ్వు తెప్పించేలా చెప్పుకుంటూ పోతారు. అది 1936లో అచ్చయింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో నక్షత్రశాల చూడడానికి రైలులో వెళుతూ దారిలో జబ్బుపడి, ఫిబ్రవరి 17న కొలరాడో రాష్ట్రంలోని లా హుంటాలో కన్నుమూశారు. సైలెన్సర్ మీద ఆ 200 డాలర్ల పన్ను మాత్రం తొంభై ఏళ్ళు నడిచింది. 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి దాన్ని సున్నా చేశారు. రిజిస్ట్రేషన్ అలాగే ఉంది.