దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) ఆధునికాంధ్ర చిత్రకళకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. రాజమండ్రిలో పుట్టి, బొంబాయిలో శాస్త్రీయంగా చిత్రలేఖనం అభ్యసించి, మళ్ళీ స్వస్థలానికే తిరిగివచ్చి 1922లో అక్కడ చిత్రకళాశాలను నెలకొల్పాడు. గోదావరి తీరపు మనుషులను, స్త్రీలను, కొండలను, నదిని ఎదుట పెట్టుకొని చిత్రించడం ఇతని ప్రత్యేకత. ఇతని చిత్రాలు కలకత్తాలోను, ఇంగ్లండులోని వెంబ్లీలోను ప్రదర్శింపబడ్డాయి. మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మరణించాడు. చదువు ముగిసిన తరువాత చిత్రకారునిగా ఇతనికి దక్కిన కాలం సుమారు ఐదేళ్ళు మాత్రమే.

నేపథ్యం

పందొమ్మిదవ శతాబ్దం చివరినాటికి తెలుగు జిల్లాలలో చిత్రకళకు ప్రత్యేకమైన విద్యాసంస్థ లేదు. శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు వంటి సంప్రదాయ కళలు కుటుంబ వృత్తులుగా కొనసాగుతూ ఉండేవి. రాజా రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు ఇళ్ళ గోడలను అలంకరించేవి. చిత్రకళను క్రమపద్ధతిలో నేర్వదలచిన తెలుగు యువకుడు మద్రాసుకో, బొంబాయికో, కలకత్తాకో వెళ్ళవలసి వచ్చేది. నేర్చుకొన్న తరువాత కూడా ఆ నగరాలలోనే ఉండిపోవడం సహజంగా జరిగేది. చిత్రాలు కొనేవారు, ప్రదర్శనలు జరిపే సంఘాలు, విమర్శకులు అక్కడే ఉండేవారు. ఈ పరిస్థితిలో ఒక జిల్లా పట్టణాన్ని తన కార్యక్షేత్రంగా ఎంచుకోవడం రామారావు జీవితంలో కీలకమైన నిర్ణయం.

బాల్యం, కూల్డ్రే శిక్షణ

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించాడు. తండ్రి వేంకటరమణారావు వైద్యుడు. తల్లి లక్ష్మీదేవి. చిన్ననాటినుండే రామారావుకు బొమ్మలు గీయడంపై మక్కువ ఎక్కువ.

ఆ కాలంలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఇతడు స్వయంగా చిత్రకారుడు, రచయిత. 1909 నుండి 1919 వరకు భారతదేశంలో పనిచేసిన కూల్డ్రే, పాఠాలతో సరిపెట్టుకోక విద్యార్థులలోని కళాభిరుచిని గుర్తించి పెంపొందించేవాడు. వారిని వెంటబెట్టుకొని అజంతా, ఎల్లోరా గుహలను చూపించాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటివారు ఇతని శిష్యులే. బాపిరాజు తరువాతి కాలంలో నవలాకారునిగా, చిత్రకారునిగా పేరుపొంది మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు.

రామారావులోని ప్రతిభను కూల్డ్రే త్వరగానే కనిపెట్టాడు. చూసిన దృశ్యాన్ని జ్ఞాపకం నుండి కాక ఎదురుగా నిలబడి గీయడం, మనుషుల భంగిమలను పరిశీలించడం రామారావుకు ఈ దశలోనే అలవాటయింది. ఆ కుర్రవాని చేత మామూలు కళాశాల చదువు పూర్తిచేయించడం కంటే చిత్రకళను వృత్తిగా నేర్పించడమే మేలని భావించి, కూల్డ్రే అతనిని బొంబాయి వెళ్ళడానికి ప్రోత్సహించాడు.

బొంబాయిలో విద్యాభ్యాసం

1916లో రామారావు బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1857లో స్థాపితమైన ఈ సంస్థకు అప్పటి ప్రిన్సిపాలు సిసిల్ బర్న్స్. రామారావు తన వెంట తెచ్చిన చిత్రాలను చూసి, ప్రాథమిక తరగతులు అవసరం లేదని నిర్ణయించి అతనిని నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకొన్నారు.

ఈ పాఠశాలలో యూరపు పద్ధతిలో శిక్షణ ఉండేది. ముందు పోతపోసిన విగ్రహాలను చూసి గీయించి, వెలుగునీడలను, దూరదృష్టిని, శరీర నిర్మాణాన్ని నేర్పేవారు. బర్న్స్ తరువాత బాధ్యతలు చేపట్టిన గ్లాడ్‌స్టన్ సాలమన్ 1919లో సజీవ మోడళ్ళను ఎదుట కూర్చోబెట్టి గీయించే తరగతిని ప్రవేశపెట్టాడు. విగ్రహం కదలదు, అలసిపోదు; దానికి భావం మారదు. మనిషిని గీయాలంటే ఎముకల పొందిక, కండరాల బిగువు, బరువు ఏ కాలిపై నిలిచిందన్న సంగతి కంటితో పట్టుకోవాలి. రామారావు తన జీవితాంతం ఈ అభ్యాసాన్ని విడిచిపెట్టలేదు. 1920లో చదువు పూర్తిచేసి, ఉత్తమ విద్యార్థిగా మేయో బంగారు పతకాన్ని పొందాడు.

విద్యార్థిగా ఉండగానే, 1919లో, రామారావుకు సత్యవాణితో వివాహం జరిగింది.

దేశాటన

చదువు ముగిశాక రామారావు సుమారు రెండేళ్ళు దేశంలోని వివిధ ప్రాంతాలను పర్యటించాడు. కాఠియావాడ్‌లో కొంతకాలం గడిపి అక్కడి ప్రజల వేషధారణను, పనిపాటలను చిత్రించాడు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరును, శాంతినికేతనంలో రవీంద్రనాథ్ ఠాగూరును కలుసుకొన్నాడు.

అప్పటి భారతీయ చిత్రకళలో రెండు ధోరణులు ప్రబలంగా ఉండేవి. బొంబాయి పాఠశాల వాస్తవిక చిత్రణకు ప్రాధాన్యమిచ్చేది. అవనీంద్రనాథ్ నాయకత్వంలోని బెంగాలు చిత్రకారులు అజంతా కుడ్యచిత్రాలను, మొగలు, రాజపుత్ర సూక్ష్మచిత్రాలను ఆదర్శంగా తీసుకొని, పలుచని నీటిరంగులను పొరలుగా పరచి భావప్రధానమైన చిత్రాలు వేసేవారు. స్వదేశీ ఉద్యమ వాతావరణంలో ఈ రెండవ ధోరణికి దేశభక్తితో కూడిన గౌరవం లభించింది. రామారావు రెండింటిలో ఏ ఒక్కదానినీ పూర్తిగా అనుసరించలేదు. శరీర నిర్మాణంలో నిర్దుష్టతను బొంబాయి నుండి తీసుకొన్నాడు. రేఖాలావణ్యాన్ని, రంగుల నిగ్రహాన్ని, ఇతివృత్తాలను భారతీయ సంప్రదాయం నుండి గ్రహించాడు.

రాజమండ్రి చిత్రకళాశాల

1922లో రామారావు రాజమండ్రిలో చిత్రకళాశాలను స్థాపించాడు. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. పాఠశాల, చిత్రకారుని పనిశాల ఒక్కటిగా నడిచేవి. గురువు తన చిత్రాలు తాను వేసుకొంటూ ఉంటే శిష్యులు చూసి నేర్చుకొనేవారు. వారు గీసినవాటిని అతడు దిద్దేవాడు. ఇతని మిత్రుడు, అనుయాయి అయిన వరద వెంకటరత్నం ఈ సంస్థకు వెన్నెముకగా నిలిచాడు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రలేఖనం అభ్యసించారు. స్త్రీలు వృత్తివిద్యలు నేర్వడమే అరుదైన ఆ రోజులలో ఒకే ఇంటిలోని ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం విశేషం.

బొంబాయి తరగతి గదిలో సులభమైన పని రాజమండ్రిలో సులభం కాలేదు. నగర పాఠశాలలో మోడళ్ళను కూలి ఇచ్చి పిలిపించుకొనేవారు. జిల్లా పట్టణంలో పరాయి పురుషుని ఎదుట గంటల తరబడి కదలక కూర్చోవడానికి స్త్రీలు ముందుకు రావడం కష్టం. అందువలన రామారావు తన ఇంటివారి మీద ఎక్కువగా ఆధారపడ్డాడు. సత్యవాణి అనేక చిత్రాలకు మోడలుగా కూర్చున్నది. ఇతని చిత్రాలలోని స్త్రీమూర్తులలో కనిపించే తెలుగుదనానికి ఇది ఒక ముఖ్యకారణం. పురాణ కథను చిత్రించినా అందులోని ముఖాలు, జడలు, చీరకట్టు, నిలుచున్న తీరు గోదావరి తీరపు ఇళ్ళలో కనిపించేవే.

రూపచిత్రాలు, రేఖాచిత్రాలు

రామారావు నిత్యం చిత్తుపుస్తకం వెంట ఉంచుకొనేవాడు. పెన్సిలుతో వేసిన ముఖాలు, చేతులు, కూర్చున్నవారి వెనుకభాగాలు, నీళ్ళు మోసేవారి నడక, పశువులు వందల సంఖ్యలో లభిస్తున్నాయి. రూపచిత్రంలో పోలిక కుదరడం మొదటి పరీక్ష. పోలిక మాత్రమే కుదిరితే అది ఛాయాచిత్రానికి పోటీ అవుతుంది. రామారావు రేఖాచిత్రాలలో కనుబొమల వంపు, పెదవుల ముడి, మెడ నిలిపిన తీరు వంటి కొద్ది గుర్తులతోనే ఎదుటివారి స్వభావం తెలిసివస్తుంది. అనవసరమైన ఛాయలు ఉండవు.

ఈ రేఖాచిత్రాలు పెద్ద చిత్రాలకు ముడిసరుకుగా కూడా ఉపయోగపడ్డాయి. అనేకమంది మనుషులున్న చిత్రాన్ని వేయదలచినపుడు ఒక్కొక్క భంగిమను విడిగా అధ్యయనం చేసి, తరువాత అన్నింటిని ఒక కూర్పులోకి తెచ్చేవాడు. అందువలన గుంపులోని ఏ స్త్రీ కూడా మరొకరికి నకలుగా ఉండదు.

ప్రదర్శనలు

చిన్న పట్టణంలో పనిచేసే చిత్రకారునికి దేశవ్యాప్తమైన గుర్తింపు రావాలంటే దూరప్రాంతాల ప్రదర్శనలే ఆధారం. కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఇతని ఋష్యశృంగ బంధనం ప్రథమ బహుమతి పొందింది. రోమపాదుని కోరికపై వారాంగనలు అడవికి వెళ్ళి, స్త్రీలనే ఎరుగని ముని కుమారుని అంగదేశానికి తీసుకువచ్చిన కథ దీని ఇతివృత్తం. అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ ఇతని ప్రకృతి చిత్రమొకదానిని కొనుగోలు చేశాడు. 1924లో లండను సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా ఇతని చిత్రాలకు స్థానం లభించింది.

ఈ గుర్తింపు రామారావు ఒక్కనికే పరిమితం కాలేదు. కలకత్తా, బొంబాయి నగరాలలో నివసించకుండానే జాతీయస్థాయి ప్రదర్శనలో నిలువగలమన్న నమ్మకాన్ని అది రాజమండ్రి శిష్యులకు కలిగించింది. దూరాన పేరు తెచ్చుకోవడంతో పాటు, చిత్రాన్ని చిత్రంగా చూసే ప్రేక్షకులను సొంత ఊరిలో తయారుచేయడం కూడా రామారావు ప్రయత్నంలో భాగం.

ముఖ్యమైన చిత్రాలు

పుష్పాలంకరణ: స్త్రీలు పూలతో కేశాలంకరణ చేసుకొనే దృశ్యం. రామారావు చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది.

సిద్ధార్థ రాగోదయం: రాజకుమారుడైన సిద్ధార్థుని మనసులో అనురాగం అంకురించిన సందర్భం. అనేక మూర్తులున్న పెద్ద కూర్పు.

నంది పూజ: నందిని అర్చించే స్త్రీల చిత్రం.

కార్తీక పూర్ణిమ: తెలుగునాట స్త్రీలు కార్తీకమాసంలో జరుపుకొనే పండుగ ఇతివృత్తంగా కలది.

వీటితో పాటు గోదావరి నదిని, పాపికొండల ప్రాంతాన్ని చూపే ప్రకృతి చిత్రాలు కూడా పేర్కొనదగినవి. ఇతడు నీటిరంగులను, నూనెరంగులను రెండింటినీ సమర్థంగా వాడాడు.

మరణం

1925 ఫిబ్రవరి 6న రామారావు మశూచి వ్యాధితో మరణించాడు. ఇరవై ఎనిమిదవ ఏడు నిండడానికి సరిగ్గా నెల రోజులు తక్కువ. ఆ కాలంలో మశూచికి టీకా ఉన్నప్పటికీ వ్యాధి సోకినవారికి చికిత్స లేదు. దేశంలో ఈ వ్యాధి 1975 నాటికి గాని అంతరించలేదు. చిత్రకళాశాల ప్రారంభమై అప్పటికి మూడేళ్ళయినా కాలేదు.

వారసత్వం

ఒక వ్యక్తి ప్రతిభ మీద నిలిచిన సంస్థ ఆ వ్యక్తి పోయాక మూతపడడం, అతని చిత్రాలు తలా ఒక చోటికి చెదరిపోవడం సాధారణంగా జరిగే విషయం. రాజమండ్రిలో అలా జరగలేదు. వరద వెంకటరత్నం కళాశాల భారాన్ని తలకెత్తుకొని తన జీవితాన్ని దానికే అంకితం చేశాడు. అతని చేతిమీదుగా మరొక తరం చిత్రకారులు తయారయ్యారు. కుటుంబసభ్యులు, మిత్రులు రామారావు చిత్రాలను, చిత్తుపుస్తకాలతో సహా, ఒకేచోట భద్రపరిచారు.

గోదావరి తీరాన ఉన్న దామెర్ల రామారావు స్మారక చిత్రశాల ఈ కృషి ఫలితమే. తరువాతి కాలంలో దీనిని రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించింది. రామారావు వేసిన నూనెరంగుల చిత్రాలు 34, నీటిరంగుల చిత్రాలు 129, పెన్సిలు రేఖాచిత్రాలు సుమారు 250, చిత్తుపుస్తకాలు 28 ఉన్నట్లు లెక్క. ఇన్ని చిత్రాలు చెదరిపోకుండా ఉండడం వలననే, ఒక భంగిమ చిత్తుపుస్తకంలో పెన్సిలు గీతగా మొదలై పెద్ద చిత్రంలో రూపుదిద్దుకొన్న క్రమాన్ని ఈనాటి విద్యార్థులు స్వయంగా పరిశీలించగలుగుతున్నారు.

రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది. తెలుగు ప్రాంతాలలో విశ్వవిద్యాలయాలు చిత్రకళా శాఖలను నెలకొల్పడానికి ఎంతో ముందే ఆ ఊరిలో చిత్రలేఖనం ఒక క్రమశిక్షణగా బోధింపబడింది. అందుకు కారణం 1922లో చదువు ముగించుకొని ఇంటికి తిరిగివచ్చిన ఇరవై ఐదేళ్ళ యువకుడు.